పికప్ బండిలో డీజిల్ ముల్లు తప్పు చూపిస్తుంటే: ట్యాంకు నుంచి మీటరు దాకా పరీక్ష

పికప్‌లో డీజిల్ ముల్లు తేడాగా చూపిస్తోందని షెడ్డుకి తీసుకెళ్తే, చాలాచోట్ల డ్యాష్‌బోర్డు విప్పడంతోనే పని మొదలుపెడతారు. అది తిరగబడ్డ వరస. లోపల పొడిగా, భద్రంగా ఉండే మీటరు పాడయ్యే అవకాశం అన్నిటికన్నా తక్కువ. ట్యాంకు పైన బురదలో, వాన నీళ్లలో నలిగే సాకెట్, ఎర్త్ వైరు, ట్యాంకు లోపల డీజిల్ మీద తేలే ఫ్లోట్, ఇవి ముందు పోతాయి. అందుకే వెతకడం ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టాలి. చాలా బళ్లలో ఒక జీరో పేపర్ (సన్నటి గరుకు కాగితం) ముక్కతోనే పని అయిపోతుంది.

ఇక్కడ చెప్పేది ఛాసిస్ మీద కట్టిన డీజిల్ పికప్‌ల గురించి: బొలెరో పికప్, టాటా యోధ, అశోక్ లేలాండ్ దోస్త్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ లాంటివి. పెట్రోల్ బండికి తేడా ఉన్నచోట విడిగా చెప్తాను. సీఎన్‌జీ బండిలో మీటరు చూపించేది సిలిండర్‌లోని ప్రెషర్‌ని కాబట్టి ఈ పరీక్షలు దానికి పనికిరావు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ముల్లు అన్ని చోట్లా కచ్చితంగా ఉండాలని పట్టుబట్టక్కర్లేదు. ఫుల్ ట్యాంకు కొట్టించాక ముప్పావు చూపిస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ కింది పావు భాగం మాత్రం నిజం చెప్పి తీరాలి. రాత్రిపూట గేట్లు వేసే నల్లమల దారిలో డీజిల్ అయిపోతే పడే ఇబ్బంది ఒక ఎత్తు, ఇంజనుకి జరిగే నష్టం ఇంకో ఎత్తు. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్లలో హై ప్రెషర్ పంపుకి లూబ్రికేషన్ ఇచ్చేది డీజిలే. అది పొడిగా తిరిగితే లోపల అరిగి, ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఆ ఖర్చు ముందు ఫ్లోట్ ఖరీదు లెక్కలోకే రాదు.

ఇంకో నష్టం ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ముల్లు ఒక్కసారిగా పడిపోతే ఓనరుకి మొదట అనుమానం వచ్చేది డ్రైవరు మీద. డీజిల్ తీసి అమ్ముకున్నాడని మాట అనేస్తారు, మనిషి పని మానేసి వెళ్లిపోతాడు, ఆనక తెలుస్తుంది సాకెట్‌లో చిలుము పట్టిందని. బండి మీద బతికే మనిషిని ఆ మాట అనేముందు కింది పరీక్షలు చేయండి.

ముల్లుకి కబురు ఎలా చేరుతుంది

మేడ మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతి లాంటిదే డీజిల్ ట్యాంకులోని ఫ్లోట్. దానికి ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. డీజిల్ తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, కడ్డీ కదులుతుంది, కడ్డీ రెండో చివర ఉన్న చిన్న లోహపు వేళ్లు ఒక ట్రాక్ మీద జరుగుతాయి. ఆ ట్రాక్ ఒక రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడేది; ఆ అడ్డుని ఓమ్‌లలో కొలుస్తారు. వేళ్లు ఎక్కడ ఉంటే దాన్నిబట్టి ఓమ్‌లు మారతాయి. ఈ మొత్తాన్ని మెకానిక్‌లు ట్యాంక్ యూనిట్ అంటారు.

మీటరు నుంచి వచ్చే కరెంటు ఒక వైరులో ట్యాంక్ యూనిట్‌కి వచ్చి, ట్రాక్ గుండా పోయి, ఎర్త్ వైరు ద్వారా ఛాసిస్‌కి చేరుతుంది. మీటరుకి డీజిల్ కనిపించదు, ఆ దారి మొత్తం మీద ఉన్న ఓమ్‌లే తెలుస్తాయి. దారిలో ఎక్కడ తుప్పు పట్టినా ఆ తుప్పు తాలూకు ఓమ్‌లు కూడా కలిసి, డీజిల్ లెక్కలోనే పడతాయి.

ఏ బండికి ఎన్ని ఓమ్‌లు అనేది కంపెనీని బట్టి మారుతుంది. యూరప్ పద్ధతిలో ఎక్కువగా కనిపించేది ఖాళీకి 10, ఫుల్‌కి 180 ఓమ్‌లు. అమెరికా పద్ధతిలో తిరగబడి ఖాళీకి 240, ఫుల్‌కి 33. ఈ తేడా గుర్తుంచుకోండి, చాలా పనికొస్తుంది. మొదటి రకంలో ఎర్త్ చెడితే ఓమ్‌లు పెరిగి, ఉన్నదానికన్నా ఎక్కువ డీజిల్ చూపిస్తుంది. రెండో రకంలో తక్కువ చూపిస్తుంది. బండిని రోడ్డు మీద ఆపేసేది మొదటి రకం తప్పే. మీ బండి లెక్క సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, లేదా తర్వాత చెప్పే పద్ధతిలో మీరే కొలుచుకోవచ్చు.

విప్పేముందు: ఇది అసలు రిపేరేనా?

పికప్ ట్యాంకు సాధారణంగా ఛాసిస్ పక్కన పొడుగ్గా వేలాడుతుంది. ఖాళీ బండిలో వెనక భాగం పైకి లేచి ఉంటుంది. టమాటా ట్రేలు నిండా ఎక్కించగానే వెనక స్ప్రింగు పట్టీలు అణిగి కిందికి దిగుతుంది. డీజిల్ ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. ఫ్లోట్ ట్యాంకు ముందు భాగంలో ఉంటే లోడుతో తక్కువ, వెనక ఉంటే ఎక్కువ చూపిస్తుంది. పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఒకలా ఉండడానికి కారణమూ ఇదే. ఇది రిపేరు కాదు. లోడు లేకుండా, చదునైన చోట ఆపి చూసిన రీడింగునే లెక్కలోకి తీసుకోండి.

ట్యాంకు ఆకారం కూడా ముల్లుని మోసగిస్తుంది. పైన వెడల్పు, కింద ఇరుకు ఉన్న ట్యాంకులో పై సగం నెమ్మదిగా, కింది సగం గబగబా దిగినట్టు ఉంటుంది. కొన్ని బళ్లలో ఫ్లోట్ పైకప్పుకి తగిలి ఆగిపోతుంది కాబట్టి మొదటి కొన్ని లీటర్లు ఖర్చయ్యేదాకా ముల్లు కదలదు.

కొత్త బళ్లలో ముల్లు కావాలనే నిదానంగా కదిలేలా పెడతారు, గుంతల్లో ఊగకుండా. తాళం ఆన్‌లో ఉంచి డీజిల్ కొట్టిస్తే కొన్ని బళ్లు కొత్త లెక్క వెంటనే చూపించవు. ఆపి, కాసేపాగి మళ్లీ ఆన్ చేసి చూడండి.

మైలేజ్ నిజంగా పడిపోయి ఉంటే మాత్రం ముల్లు సరిగ్గానే ఉంది, డీజిలే ఎక్కడో పోతోంది. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద మరకలు, ఫిల్టరు దగ్గర తడి, రిటర్న్ పైపు క్లిప్పులు చూడండి. బంకు మీద అనుమానం ఉంటే అక్కడే తీర్చుకోవచ్చు: ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి, అడిగితే కొలిచి చూపించాలి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల దాకా తేడాని నిబంధనలు ఒప్పుకుంటాయి. కంపెనీ చెప్పిన సామర్థ్యం కన్నా రెండు మూడు లీటర్లు ఎక్కువ పట్టిందంటే మోసం అనుకోకండి; మూతి గొట్టం, పైన వదిలే ఖాళీ కూడా నిండితే అలా పడుతుంది.

ముల్లు తీరు చూసి పోల్చుకోవడం

ఒక వారం పాటు ముల్లు ఎలా ప్రవర్తిస్తోందో గమనించి రాసుకుంటే సగం పని అయినట్టే.

హెడ్‌లైట్లు వేసినా, బ్లోయర్ తిప్పినా, బ్రేకు తొక్కినా ముల్లు జరుగుతోందంటే ఇక వేరే ఆలోచన వద్దు, ఎర్త్ చెడింది. డీజిల్ ముల్లుతో పాటు టెంపరేచర్ ముల్లు కూడా తేడాగా ఉంటే తప్పు మీటరు బోర్డుకి వచ్చే సప్లైలోనో, దాని ఎర్త్‌లోనో ఉంటుంది. బండి కడిగిన రోజో, వాన పడిన రోజో మాత్రమే తేడా వస్తే సాకెట్‌లోకి నీళ్లు పోతున్నాయి.

ఎప్పుడూ ఖాళీయే చూపిస్తుంటే ఫ్లోట్‌లో డీజిల్ చేరి మునిగిపోయి ఉండొచ్చు, లేదా బండి రకాన్నిబట్టి వైరు తెగి ఉండొచ్చు. ఎప్పుడూ ఫుల్లే ఉంటే వైరు తెగడమో, ఛాసిస్‌కి తగలడమో, కడ్డీ ఇరుక్కోవడమో. ఒక చోట దాకా బాగా వచ్చి, అక్కడ దభీమని పడిపోయి, మళ్లీ కిందికి దిగాక సరిగ్గా చూపిస్తుంటే ట్రాక్ ఆ చోట అరిగింది.

ఈ అరుగుదలలో ఒక విషయం ఉంది. మన దగ్గర పికప్‌ల ట్యాంకులు ఎప్పుడో గానీ నిండవు. రోజూ ఐదొందలకో, వెయ్యికో కొట్టించి తిప్పుతారు. దాంతో ఫ్లోట్ ఏళ్ల తరబడి కింది సగంలోనే ఆడుతూ, ట్రాక్‌ని అక్కడే అరగదీస్తుంది. ఏ భాగం నిజం చెప్పాలని మనం కోరుకుంటున్నామో సరిగ్గా అదే ముందు చెడిపోతుంది.

మొదటి పని: ఫ్యూజు, సాకెట్, ఎర్త్

ఫ్యూజు చూడడం నిమిషం పని, అదే ముందు చేయండి. తర్వాత ట్యాంకు దగ్గరికి వెళ్లండి. తాళం తీసేసి, యూనిట్ మీద ఉన్న సాకెట్‌ని క్లిప్పు నొక్కి ఊడదీయండి, వైరు పట్టుకుని లాగొద్దు. లోపలి పిన్నులు మెరుస్తూ ఉండాలి. పచ్చగానో, తెల్లగానో చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి ఆరనివ్వండి. వదులైన పిన్నుల్ని సన్నటి సూదితో కాస్త దగ్గరకు నొక్కండి. సాకెట్ తిరిగి పెట్టేముందు డై ఎలక్ట్రిక్ గ్రీస్ (కరెంటు పారనివ్వని గ్రీస్) పలచగా రాస్తే నీళ్లు చేరవు.

ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన బోల్టు వెతకండి. విప్పి, వాషర్‌నీ, ఛాసిస్ మీద ఆ చోటునీ ఇనుము తెల్లగా కనిపించేదాకా జీరో పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీస్ పూయండి. బాడీకి మళ్లీ పెయింట్ వేయించిన బళ్లలో, క్యారేజీ బాడీ మార్పించిన బళ్లలో ఈ బోల్టు కింద పెయింట్ ఉండిపోవడం చాలా మామూలు.

కంటికి శుభ్రంగా కనిపించిందని వదిలేయొద్దు, కొలవండి. సాకెట్‌ని తిరిగి యూనిట్‌కి తగిలించాకే ఈ కొలత. మల్టీమీటర్‌ని తక్కువ డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కి, ఎర్ర వైరు సాకెట్ వెనక నుంచి ఎర్త్ పిన్నుకి తగిలించండి. తాళం ఆన్ చేసి, హెడ్‌లైట్లు కూడా వేయండి. రీడింగు 0.1 వోల్టు లోపు ఉండాలి. దాటితే ఎర్త్ దారిలో ఇంకా ఎక్కడో తుప్పు ఉన్నట్టే. దాన్ని వెతికే ఓపిక లేకపోతే ఆ పిన్ను నుంచి ఛాసిస్‌కి కొత్త వైరు ఒకటి వేసేయండి. అది అతుకు పని కాదు, సరైన రిపేరే.

రెండో పని: తప్పు ట్యాంకులోనా, మీటరులోనా?

మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. సాకెట్ ఊడదీసి తాళం ఆన్ చేయండి, ముల్లు ఒక చివరకి పోవాలి. ఇప్పుడు సాకెట్‌లోని సిగ్నల్ పిన్నుకీ (మీటరు నుంచి వైరు వచ్చేది) ఎర్త్‌కీ మధ్య చిన్న వైరు ముక్క తగిలిస్తే ముల్లు రెండో చివరకి పోవాలి. ఏ చివర ఏది అనేది బండి రకాన్నిబట్టి ఉంటుంది. రెండు చివరలకీ వెళ్తే మీటరూ, అక్కడి నుంచి వచ్చే వైరూ పనిచేస్తున్నాయి. లోపం ట్యాంకులో ఉంది. పెట్రోల్ బండిలో ఇదే సాకెట్‌లో పంపు వైర్లు కూడా ఉంటాయి, సిగ్నల్ పిన్ను ఏదో వైరింగ్ డయాగ్రామ్‌లో చూసి నిర్ధారించుకోకుండా దేన్నీ షార్ట్ చేయొద్దు.

పాత ముల్లు మీటర్లలో కూడా ఈ షార్ట్‌ని రెండు మూడు సెకన్లకి మించి ఉంచొద్దు. కంప్యూటర్‌తో నడిచే కొత్త మీటరు బోర్డులయితే నేరుగా షార్ట్ చేయడమే వద్దు. షార్ట్‌నీ, తెగిన వైరునీ అవి లోపంగా గుర్తించి ఖాళీ చూపించి ఊరుకుంటాయి, మీకు ఏమీ తెలియదు. వాటికి రెసిస్టర్లు వాడండి. 22, 47, 100, 180 ఓమ్‌లవి, 2 వాట్లవి తీసుకోండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలోనూ, మిగతా ఊళ్లలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతాయి. సిగ్నల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒక్కొక్కటీ తగిలించి, ముల్లు నిలబడేదాకా ఓపిగ్గా ఆగి, ఎక్కడ నిలబడిందో రాసుకోండి. ఓమ్‌లు మారిన కొద్దీ ముల్లు వరసగా మెట్లు మెట్లుగా జరిగితే మీటరు బాగున్నట్టు. మీ బండి ఏ రకమో కూడా అక్కడే తేలిపోతుంది.

తర్వాత తాళం తీసేసి, మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి యూనిట్ వైపు పిన్నుల మధ్య కొలవండి. బండిని వెనక నుంచి కాస్త ఊపుతూ చూడండి. అంకెలు డీజిల్ అలతో పాటు మెల్లగా పెరిగి తగ్గాలి. మధ్యలో ఒక్క క్షణం ఓపెన్ (దారి తెగినట్టు) చూపిస్తే ట్రాక్ మీద వేళ్లు ఆనడం లేదు. అసలు కదలకపోతే కడ్డీ ఇరుక్కుంది, లేదా ఫ్లోట్ మునిగింది.

మూడో పని: యూనిట్‌ని బయటికి తీయడం

ఈ పని చేయాలంటే ట్యాంకులో డీజిల్ పావుకన్నా తక్కువ ఉండాలి. నిండు ట్యాంకు దించడం ఒక్కడి వల్ల కాదు, ప్రమాదం కూడా. ఆరుబయట, నీడలో పెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బీడీ, సిగరెట్, వెల్డింగ్, గ్రైండర్ ఏవీ చుట్టుపక్కల ఉండకూడదు. డీజిల్ పెట్రోలంత తేలిగ్గా అంటుకోదన్న ధీమా మన ఎండల్లో పనికిరాదు. పెట్రోల్ బండికయితే ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి ప్రెషర్ దించాలి. ఆ పని అలవాటు లేనివాళ్లు మెకానిక్‌కి వదిలేయడమే మంచిది.

యూనిట్ ట్యాంకు పైన ఉంటుంది. కొన్ని బళ్లలో చెయ్యి పడుతుంది, కొన్నిటిలో ట్యాంకు పట్టీలు వదులు చేసి కిందికి దించాలి. కింద జాకీ మీద చెక్క పెట్టి ఆనించాకే పట్టీల నట్లు విప్పండి. యూనిట్ చుట్టూ పేరుకున్న మట్టిని విప్పకముందే గాలి కొట్టి, గుడ్డతో తుడిచి పూర్తిగా తీసేయండి. ఈ ఒక్క పని బద్ధకించి వదిలేస్తే ఆ ఇసుక ట్యాంకులో పడి, ఫిల్టరు మీదికి చేరుతుంది. పైపులు ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, యూనిట్ ఏ వైపు తిరిగి ఉందో మార్కర్‌తో గీత పెట్టండి. రింగు తిప్పి తీసేదయితే ఇనుప ఉలితో కొట్టొద్దు, ఇత్తడి కడ్డీయో చెక్కో వాడండి. పైకి లాగేటప్పుడు కడ్డీ వంగకుండా పక్కకి వాల్చి తీయాలి.

తీశాక టార్చి వేసి ట్యాంకు అడుగు చూడండి. డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్ వాడిన బళ్లలో అడుగున నీళ్లు, నల్లటి జిగురు కనిపిస్తాయి. ట్యాంకు విప్పే ఉంది కాబట్టి కడిగించేయండి.

బల్ల మీద

ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే దాని పని అయిపోయింది. అనుమానంగా ఉంటే డీజిల్ పోసిన డబ్బాలో వేసి చూడండి, సగానికి పైగా మునిగితే మార్చాల్సిందే. కొన్ని యూనిట్లకి ఫ్లోట్ ఒక్కటే విడిగా దొరుకుతుంది, అడగండి.

తర్వాత మల్టీమీటర్ తగిలించి కడ్డీని ఈ చివర నుంచి ఆ చివరకి చాలా నెమ్మదిగా జరపండి. ముల్లు ఉన్న పాత మల్టీమీటర్ అయితే ఇంకా మంచిది, ట్రాక్‌లో క్షణం పాటు వచ్చే గ్యాప్ డిజిటల్ అంకెల్లో తప్పిపోతుంది గానీ దానిలో ముల్లు గెంతడం కంటికి తెలుస్తుంది. ట్రాక్‌ని వెలుతురులో వంచి చూడండి. నల్లటి పూత మీద వేళ్లు నడిచిన దారి సన్నటి మెరుపు గీతలా కనిపిస్తుంది. ఆ గీతలో కింది తెల్లటి పలక బయటపడితే ట్రాక్ అయిపోయినట్టు. మరక మాత్రమే అయితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. ట్రాక్ మీద జీరో పేపర్ మాత్రం వాడొద్దు, మిగిలిన పూత కూడా లేచిపోతుంది.

కొత్త యూనిట్ కొనేటప్పుడు పాతదాన్ని షాపుకి తీసుకెళ్లండి. ఆకారం సరిపోతే చాలదు. రెండిటికీ కడ్డీ పైచివర, కిందిచివర ఓమ్‌లు కొలిచి పోల్చండి. ఒకే మోడల్లో బీఎస్-4 బండికీ, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండికీ యూనిట్ వేరుగా ఉండొచ్చు కాబట్టి ఛాసిస్ నంబరు చెప్పి తీసుకోవడం మేలు. సీలు రింగు ఎప్పుడూ కొత్తదే.

బిగించి, కింది గీత సరిచూడడం

యూనిట్ లోపల పెట్టాక కడ్డీ ఎక్కడా తగలకుండా ఆడుతోందో లేదో రింగు బిగించకముందే చూసుకోండి. బ్యాటరీ కలిపి, బంకుకి వెళ్లి 5 లీటర్ల చొప్పున కొట్టించండి. ప్రతిసారీ పక్కకి తీసి, చదునైన చోట, తాళం ఆన్ చేసి రెండు నిమిషాలాగి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. రద్దీ లేని వేళ వెళ్తే బంకు వాళ్లు విసుక్కోరు.

అడుగున 5, 6 లీటర్లు ఉన్నప్పుడే ముల్లు ఖాళీ గీత మీదికి రావాలి. ఇంకా పైన చూపిస్తుంటే మళ్లీ తీసి, ముల్లు ఖాళీ గీత మీద ఉండే స్థానంలో ఫ్లోట్ ఇంకాస్త పైన ఉండేలా కడ్డీని కొద్దికొద్దిగా పైకి వంచాలి. దీనివల్ల ఫుల్ గీత కొంచెం తప్పినా పట్టించుకోకండి. ఫ్లోట్ ట్యాంకు అడుగుకి ఆనకూడదు, ఆనితే అక్కడే ఆగిపోయి మళ్లీ తప్పు చెప్తుంది. కొత్త మీటరు బోర్డులున్న బళ్లలో కడ్డీ వంచడం కన్నా సరైన యూనిట్ వేయడమే దారి.

ఇదంతా అయ్యేదాకా బండి ఆపలేరు కాబట్టి ట్రిప్ మీటరు నమ్ముకోండి. ఒకసారి ఫుల్ కొట్టించి ట్రిప్ సున్నా చేసి, మళ్లీ ఫుల్ కొట్టించినప్పుడు కిలోమీటర్లని లీటర్లతో భాగించండి. లోడుతో వచ్చిన మైలేజే లెక్కకి తీసుకోండి, ఖాళీ బండి మైలేజ్ కాదు. ఉదాహరణకి లీటరుకి 12 వస్తూ, 45 లీటర్లు పట్టే ట్యాంకు అయితే 540 వస్తుంది. మీరు 400 దాటకముందే కొట్టించేయండి. ఒకవేళ డీజిల్ అయిపోయి ఆగితే సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు. డీజిల్ పోసి, ఫిల్టరు మీది హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కి ఎయిర్ తీశాకే స్టార్ట్ చేయండి.

మీటరే తప్పని తేలితే

సాకెట్ దగ్గర రెసిస్టర్ పెట్టినా ముల్లు కదలకపోతే, వైరు మధ్యలో తెగలేదని కూడా నిర్ధారించుకున్నాకే మీటరు బోర్డు విప్పండి. వెనక సాకెట్ ఊడి, మళ్లీ పెట్టడంతోనే కొన్ని బాగవుతాయి. ముల్లుని తిప్పే చిన్న మోటారు పోయినా, సోల్డరింగ్ పగిలినా ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు బోర్డు మొత్తం మార్చకుండానే బాగుచేస్తారు. మొత్తం మార్చాల్సి వస్తే పాత ఓడోమీటరు ఎన్ని కిలోమీటర్ల మీద ఉందో ఫొటో తీసి, ఆ అంకె, తేదీ, మార్చిన కారణం బిల్లు మీద రాయించుకోండి. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లకి చూపించడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.